ఖాళీకి న్యాయం చేసిన మా మబ్బు మేడం

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిదవ సంవత్సరం, నవంబరు పదమూడవ తేదీ, సోమవారం ఉదయం మా వాతావరణ సమాచార కేంద్రంలో నమోదు సహాయకురాలిగా బాధ్యతలు స్వీకరించిన ఒక యువతి, రెండవ అంతస్తులోని పొడవాటి గదిలో పడమటి కిటికీ పక్క బల్ల ముందు కూర్చుని, ఆ సాయంత్రం వరకూ "అలాగేనండి", "లేదండి", "ఈ కిటికీ తెరవొచ్చాండి?" అన్న మాటలు తప్ప మరొక పలుకు పలకలేదని అప్పటి పెద్దలు చెప్పుకునేవారు. సుదీర్ఘమూ, నిష్కళంకమూ, నిశ్శబ్దమూ అయిన సేవానంతరం వారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న శుభసందర్భంలో, ఈ సంచికలో నాలుగు మాటలు రాసే భాగ్యం పక్కబల్ల సహోద్యోగికి దక్కింది. ఆ సహోద్యోగికి నోరు ఎక్కువ, ఆమెకు తక్కువ. అందుకే ఇన్నేళ్లూ ఆ మూలన లెక్క సరిపోయింది.

ఆకాశాన్ని కొలవడమే వృత్తిగా గల మా కార్యాలయంలో ఆకాశం వైపు తలెత్తి చూసే మనిషి ఆమె ఒక్కరే కావడం ఒక విచిత్రం. మిగిలినవారమంతా అంకెల్లో తలదూర్చి, బయట చినుకు పడ్డాక గొడుగు తెచ్చుకోలేదే అని నాలుక కరుచుకునే బాపతు. ఆమె మాత్రం పని మధ్యలో చేతులు ఆపి, గడ్డం కింద అరచేయి పెట్టుకుని, కదలీ కదలని మబ్బుల వంక అలా చూస్తూ ఉండిపోయేవారు. తొలినాళ్లలో ఆమెకు 'మబ్బమ్మాయి' అని పేరు పడింది. కొత్తవాళ్లు వచ్చి చేరాక 'మబ్బక్క' అయ్యారు. హోదా పెరిగి, తల నెరిశాక 'మబ్బు మేడం'గా స్థిరపడ్డారు. ఈ పేర్లన్నీ తమకు తెలిసినా వారెన్నడూ నొచ్చుకోలేదు.

ఒక మధ్యాహ్నం అప్పటి విభాగాధిపతి ఆమె బల్ల ముందుకొచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"ఏమ్మా, జీతం నీకివ్వాలా, ఆ కిటికీకివ్వాలా?"

"నాకేనండి. కిటికీకి ఖర్చులుండవు కదండీ," అని ఎంతో వినయంగా చెప్పి, మళ్లీ పనిలో పడ్డారు. గదిలో నవ్వాపుకోలేక దగ్గినవాళ్లు ఎందరో. ఆయన కూడా తరువాత తన గదిలోకి వెళ్లి నవ్వుకున్నారని అంటారు.

తొలి సంవత్సరాలు దూరపు కేంద్రాల నుంచి వచ్చే అంకెలను పుస్తకాల్లోకి ఎక్కించడంలోనే గడిచాయి. భోజనాల తరువాత ఆ గదిని ఒక మగత ఆవరించేది. పైన ఫ్యాన్లు బద్ధకంగా తిరిగేవి, మూలనున్న యంత్రం ఎక్కడెక్కడి గాలివానల కబుర్లనో కాగితం మీద టకటకమని కొట్టేది, ఎండ ఒక బల్ల మీది నుంచి ఇంకొక బల్ల మీదికి మెల్లగా జరిగేది. ఆ వేళ ఎవరైనా గట్టిగా మాట్లాడితే అపచారంలా తోచేది. ఆమెకు ఆ వేళ ఎంతో ఇష్టం. పేర్లు తప్ప మరేమీ తెలియని ఊళ్లలో ఇప్పుడు ఎలాంటి వెలుతురు ఉందో, ఎవరి పెరట్లో బట్టలు తడుస్తున్నాయో ఊహించుకుంటూ అంకెలు ఎక్కించేవారట. అయినా ఆమె ఎక్కించిన పుటలో కొట్టివేత ఉండేది కాదు.

తొంభై మూడవ సంవత్సరంలో కేంద్రానికి కంప్యూటర్లు, వాటితోపాటు ఒక ప్రోగ్రామింగ్ భాష వచ్చాయి. పరిశీలకులు టైపు చేసి పంపే వాక్యాలను ఇకపై మనుషులు కాక యంత్రమే చదివి, గాలి ఇది, వాన ఇది, పొగమంచు ఇది అని విడదీసి, ఆయా చోట్ల సూచిక బోర్డుల మీద చూపించాలన్నది సంకల్పం. అందుకు ఆ భాషలో నియమాలు ప్రకటించాలి. ముందు వేళ వస్తుంది, తరువాత చోటు, ఆపైన చూపు ఎంతదూరం ఆనుతున్నదో, చివర గాలి. ఈ వరుసలో ఉన్నదాన్ని ఇలా చదువు అని యంత్రానికి చెప్పడమే నియమ ప్రకటన. ఒక నియమాన్ని ఒంటరిగా ప్రకటించవచ్చు, లేదా పది నియమాలను కూటమిగా చేర్చి, ఆ కూటమి లోపల ప్రకటించవచ్చు. ఎక్కడ ప్రకటిస్తేనేం, నియమం నియమమే కదా అని అందరం నమ్మాం. ఆ నమ్మకం వల్ల ఒక పెద్దమనిషి పరువు పోబోయింది.

శిక్షణకు వెళ్లినవారిలో ఆ భాషను నేర్చుకున్నవారు పలువురు, దానితో స్నేహం చేసినవారు ఆమె ఒక్కరే. నియమాలను లోగొంతుకతో పైకి చదివేవారు, పక్కన పసిబిడ్డ నిద్రపోతున్నదేమో అన్నంత మెల్లగా. "ఏం వినిపిస్తోందక్కా?" అని అడిగితే, "ఎక్కడ ఊపిరి తీసుకోవాలో చూస్తున్నా," అనేవారు. తొంభై ఆరులో వారికి ప్రోగ్రాం విభాగంలో సహాయాధికారిగా పదోన్నతి లభించింది. ఆ వార్త విని అభినందించడానికి వెళ్తే కిటికీ దగ్గర కనిపించారు. వార్త వారికి అప్పటికి ఇంకా పూర్తిగా ఎక్కలేదు.

తొంభై ఎనిమిది చలికాలంలో ఆ ఘటన జరిగింది. మా కేంద్రం పరిధిలో నది వెడల్పుగా పారే చోట ఒక రేవు ఉంది. అక్కడి నుంచి ఉదయాన్నే ఒక లాంచీ, పనుల మీద వెళ్లేవాళ్లను, బడికి వెళ్లే పిల్లలను ఎక్కించుకుని అవతలి ఒడ్డుకు పోతుంది. నది నడుమ కూలిపోయిన పాత వంతెన తాలూకు స్తంభాలు నీళ్లలోంచి ఇంకా లేచి ఉన్నాయి. అందుకే మంచు కమ్మితే లాంచీ కదలకూడదు. రేవులో ఉండే పరిశీలకుడు మంచు సంగతి టైపు చేసి పంపగానే మా యంత్రం చదివి, రేవు బోర్డు మీద 'పొగమంచు, ఆగండి' అని చూపించాలి. ఆ పరిశీలకుడు నడివయసు దాటిన మనిషి. పిన్నాపెద్దా అందరికీ రేవు బాబాయ్.

ఆ ఉదయం బోర్డు మీద 'నిర్మలం' అని ఉంది. ఒడ్డున పలచగా ఉన్నా, నది నడుమ మాత్రం చేయి చాస్తే చేయి కనబడని మంచు. బోర్డును నమ్మి లాంచీ కదిలింది, స్తంభాన్ని ఒరుసుకుంది, కొందరు నీళ్లలో పడ్డారు. ఒకావిడ చేయి విరిగింది. అందరి ప్రాణాలూ దక్కాయి, అదే పదివేలు.

విచారణలో బాబాయ్, లాంచీ కదలకముందే మంచని పంపానన్నారు. ఆ వాక్యం మా యంత్రంలో ఉన్నమాటా నిజమే. అయితే వేళ అన్నది పరిశీలకుడు తానే టైపు చేసేది. వాక్యం యంత్రానికి అందిన వేళను నమోదు చేసే ఏర్పాటు అప్పట్లో లేదు. కేంద్రంవారు రేవు నియమాన్ని ఒంటరిగా బయటికి తీసి, బాబాయ్ వాక్యాన్ని దాని ముందు పెట్టి చూశారు. నియమం తడుముకోకుండా 'పొగమంచు' అని చదివింది. దాంతో తీర్పు తేలిపోయింది.

"నియమం శుభ్రంగా చదువుతోంది," అన్నారు విభాగాధిపతి. "వాక్యం ముందే వచ్చుంటే బోర్డు మీద పడేది. పడలేదంటే రాలేదు. నిద్రపోయి, ప్రమాదం అయ్యాక లేచి, పాత వేళ వేసి పంపాడు. ఇందులో ఇంకా ఆలోచించడానికేముంది?"

ఉద్యోగం నుంచి ఎందుకు తీసివేయరాదో సంజాయిషీ ఇవ్వమన్న మెమో పట్టుకుని రేవు బాబాయ్ మా గదికి వచ్చారు. బాగా ఇస్త్రీ చేసిన చొక్కా, తడిసి ఎండి బిగుసుకుపోయిన చెప్పులు.

"ఉద్యోగం పోతే పోనీండి సార్. పడుకున్నానంటున్నారు చూడండి, అది మోయలేను నేను. నీళ్లలో పడ్డవాళ్లని పైకి లాగింది నేనే. వాళ్లిప్పుడు నన్ను చూసి తల తిప్పుకుంటున్నారు."

"మీరు చెప్పేది వినడానికి బాగానే ఉంది పెద్దాయనా. మరి యంత్రానికి మీ మీద పగా?" అన్నారు విభాగాధిపతి.

ఆయన మెమో మడిచి జేబులో పెట్టుకున్నారు. వెళ్లేటప్పుడు మంచినీళ్ల కూజా మబ్బక్క బల్ల పక్కనే ఉండటాన అక్కడ ఆగారు. ఆమె లేచి గ్లాసు అందించారు. ఆయన తాగి, గ్లాసు బోర్లించి, "తల్లీ, నేను మంచనే రాశాను," అన్నారు. ఆమె ఆ గ్లాసు తీసి మళ్లీ కూజా మీద పెట్టారు. పక్కబల్ల సహోద్యోగి యథాప్రకారం ధైర్యం చెబుతూ నోటికొచ్చినవన్నీ చెప్పాడు. వాటిలో ఒక్కటీ పనికొచ్చేది కాదు.

మరునాడు ఆమె సెలవు పెట్టారు. సెలవు చీటీలో కారణమన్న చోట 'మంచు చూడటానికి' అని రాశారు. విభాగాధిపతి దాన్ని కొట్టేసి 'సొంత పని' అని దిద్ది సంతకం పెట్టారు.

తెల్లవారాక ఆమె రేవు చేరేసరికి లోకం సగమే ఉంది. నది ఎక్కడ మొదలవుతుందో, ఒడ్డు ఎక్కడ అయిపోతుందో తెలియడం లేదు. ఎవరో దగ్గుతున్నారు కానీ మనిషి లేడు, ఎక్కడో సైకిల్ గంట మోగింది కానీ సైకిల్ లేదు. లాంచీ దీపం ఒకటి ఎర్రగా, చాలా దూరాన, నిద్రలో కనిపించినట్టు కనిపించింది. నాలుగడుగులు వేస్తే చేతికందేంత దగ్గర ఉంది. తాను ఇన్నేళ్లూ అంకెలుగా ఎక్కించినది ఇదా అని ఆమెకు ఒళ్లు జలదరించిందట. ఏడుపూ వచ్చిందట, ఎందుకో తెలియకుండానే. ఈ మాటలు ఆమె చెప్పినవే. ఎన్నో ఏళ్ల తరువాత, ఒకే ఒక్కసారి.

విచారణ ముగిసేదాకా బాబాయ్‌ని పనిలోనే ఉంచారు. రేవు గదిలో ఆమె ఒక ముక్కాలిపీట వేసుకుని కూర్చుని ఆయన పనిచేయడం చూశారు. ఆయన వేళ టైపు చేసి, లేచి గుమ్మంలోకి వెళ్లి, కళ్లు చికిలించి నది వంక చూసి, తిరిగొచ్చి, ఖాళీ వదిలే పొడుగు మీటను ఒకటికి రెండుసార్లు నొక్కి, చోటు టైపు చేశారు. మళ్లీ లేచి వెళ్లారు. మళ్లీ వచ్చి అదే మీట.

"బాబాయ్, మాటకీ మాటకీ మధ్య అన్ని ఖాళీలెందుకు?"

"ఖాళీలు కావమ్మా అవి, చూసి రావడం. ఇటు తిరిగేలోపు అటు మారిపోతుంది మంచు. అందుకని మాట మాటకీ వెళ్లి చూసొస్తా. వచ్చాక, ఎంతవరకూ అయిందో మర్చిపోకుండా ఆ పొడుగుది నొక్కి మొదలెడతా."

"మిగతా కేంద్రాల వాళ్లు ఒక్క గుక్కలో కొట్టేస్తారు కదా?"

"వాళ్ల దగ్గర లాంచీ లేదు కదమ్మా."

ఆయన్ని ఒకసారి అలాగే ఒక్క గుక్కలో కొట్టి చూపించమన్నారామె. ఆయన కొట్టారు. మొదలుపెట్టినప్పుడు గుమ్మంలోంచి దగ్గరి స్తంభం మసకగా కనబడింది. వాక్యం ముగించి తలెత్తేసరికి స్తంభం లేదు. వాక్యంలో మాత్రం కనబడుతున్నట్టే ఉంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆమె తిరిగి వచ్చి, అందరూ చేసినట్టు రేవు నియమాన్ని ఒంటరిగా నిలబెట్టి బాబాయ్ వాక్యాన్ని చదివించారు. బుద్ధిగా చదివింది. తరువాత, ఎవరికీ తోచని పని ఒకటి చేశారు. అదే నియమాన్ని, ఒక్క అక్షరం మార్చకుండా, బోర్డును నడిపే అసలు కూటమిలో ఉన్నచోటే ఉంచి, అదే వాక్యాన్ని చదివించారు. నియమం నోరు విప్పలేదు. మాటల మధ్య ఒక ఖాళీ ఎక్కువైందని మొహం తిప్పుకుంది. చదవలేని వాక్యం వస్తే బోర్డు మీద అంతకుముందున్నదే ఉంచాలన్నది ఏర్పాటు; మంచు లేని ముందు రోజు, మధ్యమధ్య లేవనవసరం లేక బాబాయ్ ఒక్క గుక్కలో పంపిన 'నిర్మలం' అలాగే నిలిచిపోయింది; రేవు నియమం కూటమిలో చేరాక కమ్మిన తొలి మంచు అది.

"ఒక్కసారి ఇటు వస్తారా?" అన్నారామె పక్కబల్ల వైపు తిరిగి. ఆమె తనంతట తాను పిలవడమే ఒక వింత గనుక సహోద్యోగి పరుగున వెళ్లాడు. రెండు చోట్లా చూశాడు. "ఓరి దీని దుంపతెగ!" అని గది దద్దరిల్లేలా అరిచాడు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అని మనుషుల్ని అంటాం. నియమాన్ని అనవలసి వస్తుందని ఎవరనుకున్నారు? ఒంటరిగా ప్రకటిస్తే ఖాళీలను మన్నిస్తుంది, కూటమిలో ప్రకటిస్తే లెక్కపెడుతుంది. ఆ భాష తయారుచేసినవారు ఈ సంగతి ఎక్కడా చెప్పలేదు. బహుశా వారికీ తెలియదు.

విభాగాధిపతి ఇదంతా విని కుర్చీలో వెనక్కి వాలారు. చెడ్డవారు కారు ఆయన, పని తేలిక కావాలనుకునే మనిషి.

"అయితే సులువైపోయింది. బాబాయ్‌ని ఇకనుంచీ ఖాళీలు లేకుండా కొట్టమందాం. ఆయన తప్పు ఒప్పుకుని రాసిస్తే మందలించి వదిలేద్దాం. పామూ చావదు, కర్రా విరగదు."

బాబాయ్ కూడా దానికి సరేనన్నారు. "పడుకున్నాడన్న మాట పోతే చాలు, ఖాళీలు వదలనని రాసిస్తాను," అన్నారు. అందరూ హమ్మయ్య అనుకున్నారు. ఆమె ఒక్కరే అనుకోలేదు.

ఇక్కడ ఆమె భర్తగారి వాంగ్మూలం చేర్చడం అవసరం. వారు రొట్టెల బట్టీ నడుపుతారు. ఈ వ్యాసం కోసం వివరాలు అడగడానికి వెళ్లినప్పుడు, మేడం కార్యాలయంలో మితభాషి అని చెబితే, చేతిలో పిండిముద్ద అలాగే పట్టుకుని నిలబడిపోయారు.

"మితభాషా? మా ఆవిడేనా మీరనేది? ఇంట్లో అడుగుపెట్టిందంటే రేడియో కట్టేసుకోవాలండీ మేము!"

విచారణ ముందురోజు సాయంత్రం కూడా ఆమె బట్టీ ముందు అటూ ఇటూ తిరుగుతూ, బాబాయ్ గురించీ, మంచు గురించీ, నియమం గురించీ గుక్కతిప్పుకోకుండా చెబుతూనే ఉన్నారట. ఆయన రొట్టెలు మాడిపోతున్నా వినీ వినీ, చివరికి, "ఇవన్నీ నాకెందుకే? రేపు వాళ్లకి చెప్పు," అన్నారట.

"అక్కడ నాకు గొంతు రాదండీ."

"ఇక్కడ వస్తోందిగా. ఇదే పట్టుకెళ్లు."

విచారణ గదిలో పొడవాటి బల్ల, మూతపెట్టిన నీళ్లగ్లాసులు, గోడ దగ్గర మేము. బాబాయ్ తప్పు ఒప్పుకుంటున్న కాగితం మీద సంతకానికి కలం తీశారు. అప్పుడు మబ్బక్క లేచి నిలబడ్డారు. గోడ వదిలి ఆ పొడవాటి బల్ల దాకా వెళ్లారు.

"ఆగండి బాబాయ్, సంతకం పెట్టకండి. అయ్యా, ఈయన ఖాళీలు వదలడం మానేస్తే యంత్రం చదువుతుంది, నిజమే. కానీ ఈయన నదిని చూడటం మానేస్తారు. ఆ ఖాళీల్లోనే ఈయన లేచి వెళ్లి చూసొస్తున్నారు. ఖాళీ లేకుండా కొట్టించి చూశాను నేను. వాక్యం అయ్యేలోపు స్తంభం మాయమైంది, వాక్యంలో మాత్రం ఉంది. యంత్రానికి నచ్చే అబద్ధం కావాలా మనకి? ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉన్నది నియమం. ఈయన అన్నిచోట్లా ఒకేలా ఉన్నారు. దాన్ని వదిలేసి ఈయన్ని దిద్దుతామా?"

బాబాయ్ కలానికి మూత పెట్టేశారు.

"ఆ భాష మనం చేసింది కాదు కదమ్మా," అన్నారు విభాగాధిపతి, మెత్తబడి. "మనమెలా మారుస్తాం?"

"అది మారేదాకా రేవు నియమాన్ని కూటమిలోంచి తీసి ఒంటరిగా ప్రకటిస్తాను. అక్కడ బుద్ధిగానే ఉంటుంది. భాష చేసినవాళ్లకి రాస్తాను. వాళ్లు వినేదాకా రాస్తాను."

"మరి మిగతా కేంద్రాల నియమాలు? వాటిలోనూ ఇదే ఉంటుంది కదా?"

"అవీ నేనే చూస్తాను."

"కూర్చోండి తల్లీ, ఇంకేం ఒప్పుకోకండి," అని వెనక నుంచి పక్కబల్ల గొణిగింది. అప్పటికే ఆలస్యమైపోయింది. ఆ ఒక్క మాటతో ఆమె తమ మిగిలిన ఉద్యోగ జీవితమంతా రాసిచ్చేశారని ఆనాడు మాకెవరికీ తెలియదు.

విచారణ నివేదికలో 'పరిశీలకుడు నిద్రించలేదు. వాక్యము సకాలముననే అందినది. దానిని చదువుటలో దోషము యంత్రభాషది' అని రాసి ముద్ర వేశారు. బాబాయ్ ఆ వాక్యం మీద వేలు పెట్టుకుని చదివారు. మళ్లీ చదివారు. ఇస్త్రీ చొక్కా చేతితోనే కళ్లు తుడుచుకున్నారు. ఆయన పదవీ విరమణ దాకా ఆ రేవులో గౌరవంగా పనిచేశారు. ఇప్పుడు లేరు. రేవులో ప్రస్తుతం ఉన్న పరిశీలకురాలు ఆయన చేతికింద నేర్చుకున్న మనిషి. ఆమె కూడా మాట మాటకీ లేచి వెళ్లి నదిని చూసి వస్తారు.

తదనంతర సంవత్సరాల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, ఆమె చేయవలసింది మాత్రం కొండంత. భాష తయారుచేసినవారు మొదట 'అది లోపం కాదు, పాత అలవాటు. దాన్ని నమ్ముకున్నవాళ్లు చాలామంది ఉన్నారు' అని జవాబిచ్చారు. కోపం రావలసిన ఆ జవాబు చదివి, "నిజమే కదా!" అని ఆమె ఆలోచనలో పడ్డారు. వాన కొలిచే కేంద్రాల వాక్యాల్లో ఖాళీ అంటే ఆ పూట కొలవలేదని అర్థం. అక్కడ ఖాళీని మన్నిస్తే కొంప మునుగుతుంది. కనుక ఉన్న ప్రతి ప్రోగ్రామునూ చదివి, ఇక్కడ ఖాళీకి విలువ ఉంది, ఇక్కడ లేదు అని ఎక్కడికక్కడ స్పష్టంగా ప్రకటించాలి. ఆ తరువాతే భాష మారినా ఎవరికీ ముప్పు రాదు. ఆమె అదే చేశారు. రెండువేల అయిదులో అధికారిణి అయ్యారు, పదమూడులో విభాగాధిపతి అయ్యారు, పెద్ద గది ఇస్తే వద్దని ఆ కిటికీ పక్కనే ఉండిపోయారు. కొత్తగా చేరినవారు, "ఇంత పాత ప్రోగ్రాములు ఎందుకు మేడం తవ్వుతారు?" అంటే, "వీటిలో ఎవరో ఎక్కడో ఆగి చూసుంటారు, అది పోకూడదు," అనేవారు. తరువాత మళ్లీ మబ్బుల వంక తిరిగేవారు.

ఈ ఏడాది మొదట్లో ఆ భాష కొత్త రూపంలో వచ్చింది. ఇప్పుడు నియమాన్ని ఎక్కడ ప్రకటించినా ఒకేలా ప్రవర్తిస్తుంది. భాష తయారుచేసినవారు తమ ప్రకటనలో ఆమె పేరు వేస్తామంటే, రేవు పరిశీలకుల పేరిట వేయమన్నారు. ఆ ఉదయం రేవు నియమాన్ని తిరిగి కూటమిలో చేర్చి, అందరి బల్లల మీదా వేడివేడి రొట్టెలు పెట్టారు. ఎందుకని అడిగితే, "మన రేవుది ఇంటికొచ్చింది," అన్నారు. కూతురు పుట్టింటికొచ్చిన తల్లి మొహం అది.

కడపటి ముచ్చట కూడా భర్తగారు చెప్పినదే. కిందటి నెల ఇద్దరూ కలిసి అవతలి ఒడ్డుకు వెళ్దామని రేవుకు వెళ్లారు. మంచు దట్టంగా దిగింది. బోర్డు మీద 'పొగమంచు, ఆగండి' అని వెలిగింది. లాంచీ ఆగింది. ఒడ్డున జనం చలికి కాళ్లు కొట్టుకుంటూ నిలబడ్డారు. పక్కనున్న ఒకాయన చేతిలో పనిముట్ల సంచీతో విసుక్కుంటున్నాడు.

"పనీపాటా లేనివాళ్లు ఎక్కడో ఆఫీసుల్లో కూర్చుని మీటలు నొక్కుతారు, మన పనులు చెడతాయి. వాళ్లకేం తెలుస్తుందండీ?"

"అవునండీ," అన్నారు మేడం.

"నాకు ఒళ్లు మండిపోయిందండీ," అన్నారు భర్తగారు. "ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా అందామని నోరు తెరిచా. ఇంట్లో నన్ను నోరెత్తనివ్వని మనిషి, అక్కడ నా చెయ్యి గట్టిగా పట్టుకుని నొక్కింది. ఇక నేను నోరు విప్పితే ఒట్టు."

చాలాసేపటికి మంచు పలచబడింది. ముందు నీళ్లు కనిపించాయి, తరువాత స్తంభాలు. లాంచీ వాటి పక్కనుంచి మెల్లగా సాగి అవతలి ఒడ్డు చేరింది. ఆ విసుక్కున్నాయన అందరికంటే ముందు దిగి, సంచీ భుజాన వేసుకుని, వెనక్కి చూడకుండా పెద్ద పెద్ద అంగలతో వెళ్లిపోయాడు. ఆయన మలుపు తిరిగేదాకా ఆమె ఒడ్డునే నిలబడి చూశారట.

"ఎందుకు చెప్పనివ్వలేదు?" అని అడిగారు భర్తగారు.

"ఆయన పనికి వెళ్లిపోయాడు కదండీ. ఇంకేం కావాలి?"

మేడం, మీ పేరు తెలియని ఎందరో ప్రతి ఉదయం ఆ నది దాటి పనులకు వెళ్లి, సాయంత్రం క్షేమంగా ఇళ్లకు చేరుతున్నారు. మిమ్మల్ని తిట్టుకున్నవాళ్లు కూడా. వారందరి తరఫునా, మీ గొంతు విన్న ఆ ఒక్క రోజును మరువలేని మా అందరి తరఫునా ఈ నమస్కారాలు స్వీకరించండి. మీ ఇంటిల్లిపాదీ ఆయురారోగ్యాలతో, చీకూచింతా లేకుండా, నిండు నూరేళ్లు చల్లగా ఉండాలి. ఇకమీదట తొందరపెట్టేవాళ్లు లేరు, ఆకాశం అంతా మీదే, తనివితీరా చూడండి.